గోడకు కుట్టిన పరుపు

దబ్బనానికి దారం ఎక్కించి, కొసన ముడివేసి, దాన్ని గోడమీది క్యాలెండరుకు గుచ్చి, మా నాయన టీ తాగడానికి లేచాడు. ఆయన చేసిన ఆఖరి పని అదే. తిరిగొచ్చి కూర్చోగానే కుట్టు మొదలుపెట్టడానికి వీలుగా ముందే దారం ఎక్కించి పోవడం ఆయన అలవాటు. చూపు మందగించాక ఆ అలవాటు ఇంకా గట్టిపడింది. తలుపులోంచి ఎండ పడే వేళ చూసుకుని, దబ్బనాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుని, పెదవులతో దారం తడిచేసి ఎక్కించేవాడు. ఎక్కితే చిన్నగా నవ్వుకునేవాడు. ఆ రోజు నవ్వాడో లేదో చూసినవాళ్ళు లేరు.

రోడ్డుకు అవతల నరసయ్య టీ కొట్టు. నాయన గ్లాసు అందుకుని బల్లమీద కూర్చున్నాడట.

"ఒక్క గుక్క తాగినాడు మ్మా. 'అల్లం ఎక్కువేసినావే నరసయ్యా' అన్నాడు. 'నీకు జలుబు గదన్నా, అందుకే' అన్నా. గ్లాసు పక్కన బెట్టినాడు. చుక్క ఒలకలా. గోడకి ఆనుకున్నోడు ఆనుకున్నట్టే ఉండాడు."

కనిపించినప్పుడల్లా నరసయ్య ఇదే చెబుతాడు. ఒలకని టీ ఆయనకు పెద్ద ఊరట. నేనూ ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే వింటాను.

నేను కొడవలూరులో బడిలో తెలుగు చెబుతాను. ఫోన్ అందుకుని నెల్లూరు చేరేసరికి నాయనను ఇంటికి తెచ్చేశారు. జనమంతా అక్కడే ఉన్నారు. కొట్టు తలుపులు తీసే ఉన్నాయని ఎవరో అంటే మూయడానికి వెళ్ళాను. సగం కుట్టిన పరుపు నేలమీద పరిచి ఉంది. క్యాలెండరుకు దబ్బనం, దాని కింద వేలాడుతూ తెల్లదారం. అరలో రేడియో మోగుతోంది. అంత హడావిడిలో దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. మోత బాగా హెచ్చించి ఉంది. అంటే నాయన లేచిన వేళకు అందులో మాటలు వస్తున్నాయి. పాట వస్తూ ఉంటే ఆయన మోత తగ్గించి ఉండేవాడు. ఆయన ఎందుకలా చేసేవాడో నాకొక్కదానికే తెలుసు.

నాయన పేరు ఖాదర్ మొహిద్దీన్. మైపాడు గేటు దగ్గర పరుపుల ఖాదర్ అని అడిగితే చెబుతారు. మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే. "అల్లాని అడిగేది అరబ్బీలో, మొగుణ్ణి అడిగేది తెలుగులో. అల్లా అన్నా అప్పుడప్పుడూ ఇంటాడు" అనేది మా అమ్మ బీజాన్.

పెళ్ళికి ముందు నాయనకు కొట్టు లేదు. దూదేకే విల్లును సైకిలుకు కట్టుకుని సముద్రం ఒడ్డు ఊళ్ళన్నీ తిరిగేవాడు. మైపాడు, గంగపట్నం, ఊటుకూరు. ఆ ఊళ్ళలో గాలికి ఉప్పు తేమ ఉంటుంది. దూది దాన్ని పీల్చుకుని గడ్డకడుతుంది. అందుకని అక్కడివాళ్ళు ఎండలు ముదిరాక దిండ్లు, పరుపులు విప్పించి ఏకించుకునేవాళ్ళు. వలలు ఆరేసిన చోటికి కాస్త ఎడంగా గోనెపట్టా పరిచి, విల్లు నారి మీద కొయ్యగుండుతో కొడుతుంటే డుంయ్ డుంయ్ మని ఊరంతా వినిపించేదట. ఆ చప్పుడు వింటే చాలు, ఆడవాళ్ళు దిండ్లు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళట.

ఏకేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. నోరు తెరిస్తే దూది గొంతులోకి పోతుంది. పొద్దున కట్టిన గుడ్డ మధ్యాహ్నం అన్నానికి విప్పేవాడు, తిని మళ్ళీ కట్టేవాడు. ఎవరేం అడిగినా తలతోనో చేత్తోనో జవాబు. మాట్లాడకపోవడం అలా ఒంటికి పట్టిపోయింది. తరవాత కొట్టు పెట్టుకున్నాడు, కరెంటు మిషను వచ్చింది, విల్లు అటక ఎక్కింది. గుడ్డ కట్టుకోవాల్సిన పని తగ్గింది. అయినా ఆయన నోటికి అది ఉన్నట్టే ఉండేది.

ఆ పనిలో ఆయనకు ఒక పట్టింపు ఉండేది. ఎవరి దూది వాళ్ళదే. ఒకరి పరుపులో మిగిలిన దూదిని ఇంకొకరి దిండులో దూర్చేవాడు కాదు. ముఖ్యంగా మనిషి పోయిన పరుపు. మంచాన పడి పోయినవాళ్ళ పరుపును ఇళ్ళవాళ్ళు ఉంచుకోవడానికి భయపడతారు. అది మా మతంలోనూ లేదు, వాళ్ళ మతంలోనూ లేదు, ఊరి భయం అంతే. చవగ్గా ఎవరికో ఇచ్చేస్తారు. ఆ దూది ఏకి కొత్త పరుపుల్లో కలిపేసేవాళ్ళు కొందరుంటారు. ఏకాక ఏ దూదైనా తెల్లగానే ఉంటుంది, ఎవరు పడుకున్నదో దానిమీద రాసి ఉండదు. నాయన అలాంటి పరుపు చేతితో ముట్టేవాడు కాదు. ముడితే అదే ఇంటికి తిరిగి కుట్టి ఇచ్చేవాడు. ఆ నమ్మకం మీదే ఫోము పరుపుల కొట్లు వచ్చాక కూడా మా కొట్టు నిలబడింది.

ఇంట్లో మాత్రం మాకు పరుపు లేదు. చాపలే.

"ఊరందరికీ పరుపులు, మనకి చాప. చుట్టాలొస్తే చాపేసి కూచోబెట్టి, పరుపుల ఖాదర్ ఇల్లిదే అని చెప్పుకో" అనేది అమ్మ.

"కుడతాలే."

"ఎప్పుడు? నేను పోయినాకా?"

నాయన తలవంచుకుని నవ్వేవాడు.

చక్కెర జబ్బు అమ్మకు ముందు కాలు మీద పుండు పెట్టింది, ఆ తరవాత కళ్ళు తీసుకుంది. నేలమీద పడుకోకూడదన్నారు. అప్పుడు నాయన కొట్టు మూసి, అటకమీద నుంచి విల్లు దించి, మిషను ముట్టకుండా చేత్తో ఏకి, అమ్మకు పరుపు కుట్టాడు. అమ్మ దాన్ని అంచుల వెంబడి తడిమి చూసింది. నాలుగు మూలలూ తడిమింది.

"రోగమొస్తేగానీ పరుపు రాలా. ఈ సంగతి ముందే చెప్పుంటే రోగాన్ని ముందే పిలుచుకునేదాన్ని గదా" అంది.

ఆ పరుపుమీద అమ్మ చాలాకాలం పడుకుంది. నేను పెళ్ళయి కొడవలూరు వెళ్ళిపోయాను. పొద్దున నాయన కొట్టుకు పోతే ఇంట్లో అమ్మ ఒక్కతే. పాత రేడియో ఎప్పుడో మూగబోయింది. టీవీ పెట్టిపోతే ఆపించేసేది. "టీవీలో వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకుంటారు. నాతో ఎవురు మాట్లాడతారు?" అనేది. సందులో అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, "ఎవురది పోయేది? లోపలికొచ్చి ఏదన్నా చెప్పి పో" అని కేకేసేది. కూరగాయల ఆమె వచ్చి కూర్చునేది. కరెంటు బిల్లు కొట్టే ఆయన ఒకసారి లోపలికి వచ్చి తన కూతురి పెళ్ళి సంగతంతా చెప్పి, బిల్లు ఇవ్వడం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చేవాడు.

"ఏం సంగతులు?" అని అమ్మ అడిగేది.

"ఏముంది."

"కొట్టుకి ఎవురెవురొచ్చినారు?"

"వచ్చినారు."

"సబీనా, చూసినావా మీ నాయన కబుర్లు! ఊపిరాడనీకుండా చెప్తుండాడు" అని నాతో చెప్పి నవ్వేది.

ఒక ఆదివారం మేమిద్దరం దగ్గరుండగా అమ్మ ఉన్నట్టుండి అంది. "నాకు చీకటంటే భయంలేదు మ్మే. ఈడా చీకటే గదా. పోయినాక ఆడ సద్దుండదంట. ఎవురూ మాట్లాడరంట. అది తలుచుకుంటేనే భయంగా ఉండాది."

నేను ఏదో సర్దిచెప్పాను. నాయన అమ్మ కాలిమీది దుప్పటి సరిచేశాడు.

అమ్మ వేసవి చివర పోయింది. నలభయ్యో దినం అయ్యాక చీరలు పంచిపెట్టాము. పరుపు మిగిలింది. అమ్మ చెల్లెలు షమీమ్ చిన్నమ్మ దాని గురించి నాయన వెంటపడింది.

"ఇంకా ఎందుకు బావా ఇంట్లో? చూసినప్పుడల్లా అక్క పండుకోనుండాదేమో అనిపిస్తుంది. తీసేయ్."

"తీసేస్తాలే."

"ఎవురికన్నా ఇచ్చేయ్."

"ఇస్తే దూది అమ్ముకుంటారు. ఇంకోళ్ళ దాంట్లో కలిపేస్తారు."

"అయితే కాల్చేయ్."

నాయన ఆమె మొహం వంక చూశాడు. "దూదేకులోడు దూదిని కాలుస్తాడా షమీమా?"

"మరేం జేస్తావు? నెత్తిన బెట్టుకోని తిరుగుతావా?"

నాయన ఆ పరుపుమీద పడుకోనూ లేదు, దాన్ని మంచం మీది నుంచి తీయనూ లేదు. మంచం పక్కన చాప వేసుకునేవాడు. నవంబరు వచ్చింది. మా వైపు వానలు అప్పుడే గదా. మిద్దె కారి పరుపు ఒక మూల తడిసింది. ఆరబెడదామంటే ఎండ లేదు. తడిసిన పరుపును అలాగే వదిలితే ముద్దకట్టి కుళ్ళుతుంది. విప్పి ఏకాలి. విప్పితే ఇక అది అమ్మ పరుపు కాదు, దూది కుప్ప. నాయన రోజూ దాని మూల చేత్తో నొక్కి చూస్తున్నాడు. ఏదో ఒకటి చేయాల్సిన రోజు దగ్గర పడిందని మా ఇద్దరికీ తెలుసు. వానలకు బడికి సెలవులిస్తే నేను ఆ రోజుల్లో నాయన దగ్గరే ఉన్నాను.

అప్పుడే ఒక పొద్దున తడిసిన గొడుగు మడుస్తూ ఒకాయన కొట్టులోకి వచ్చాడు. పేరు ఆనందబాబు. అరవకుండా మాట్లాడటం రాని మనిషి.

"ఖాదర్ భాయ్ అంటే మీరేనా? అర్జంటుగా పరుపులు కావాల."

"కొలతెంత? మంచానికా, కిందకా?" అన్నాడు నాయన.

"గోడకి."

టీ ఇవ్వడానికి వచ్చిన నరసయ్య అక్కడే నిలబడిపోయాడు. "గోడలు గూడా పండుకుంటుండాయా సామీ ఇప్పుడు?"

ఆనందబాబు నవ్వలేదు. మినీ బైపాస్ దగ్గర కొత్త ఎఫ్ఎం రేడియో పెడుతున్నారు, పేరు కెరటం. నెల్లూరు నుంచే నెల్లూరు వాళ్ళ కోసం. ఆదివారం ప్రారంభం. బంగారం కొట్లవాళ్ళు, చీరల కొట్లవాళ్ళు ఆ రోజుకు ప్రకటనలు కూడా ఇచ్చేశారు, వాయిదా వేయడానికి లేదు. మాట్లాడే గదికి మాత్రం గోడలు సిద్ధం కాలేదు. చప్పుడు పీల్చే పలకలు చెన్నై నుంచి రావాలి. గూడూరు దగ్గర హైవే మీద నీళ్ళు పారి లారీ ఆగిపోయింది.

"మాట అంటే గది తిరిగి అంటుండాది భాయ్. ఖాళీ బిందెలో మాట్లాడినట్టుంది. దూది పెడితే తగ్గుతదని ఎవురో చెప్పినారు. పొద్దున్నించి రాత్రి దాకా మాట్లాడతానే ఉండాల గదా, ఆ గదిలో."

నాయన చేతిలో పని ఆపాడు. "పొద్దున్నించి రాత్రి దాకానా?"

"అవును."

"దినామూ?"

"దినామూ. పండగల్లేవు, సెలవుల్లేవు. ఒకరు లేస్తే ఇంకొకరు కూచుంటారు. అదే మా వ్యాపారం."

నాయన అన్ని మాటలు వరసగా అడగడం నేను ఎప్పుడూ చూడలేదు. నరసయ్య కూడా నా వంక చూశాడు.

ఆ గదికి నేనూ వెళ్ళాను. చిన్న గది. బల్ల, దాని మీద మైకు, ఎదురుగా వట్టి గోడ. కొత్తగా చేరిన పిల్ల ఒకతె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చప్పట్లు కొట్టి చూసుకుంటోంది. ఆ పిల్లే రోజారమణి. మైపాడులో చేపలు పట్టే ఇంటి పిల్ల.

"మా నాయన్ని అలల అవతల నించి కేకేసి పిలిచి పిలిచి ఈ గొంతొచ్చింది అక్కా. మైకు లేకపోయినా నెల్లూరంతా ఇనపడతది, సార్ అనవసరంగా కరెంటు ఖర్చు పెడుతుండాడు" అంది. తరవాత నాయన వంక తేరిపార చూసి, "తాతా, నా చిన్నప్పుడు మా ఇంటి ముందర విల్లుతో దూదేకేది మీరేనా?" అంది.

నాయన తల ఊపాడు.

చారల గుడ్డతో గోడకు సరిపడా మెత్తలు కుట్టి, చెక్కలకు బిగించి, సాయంత్రానికి నాయన వాటిని మూడు వైపులా నిలబెట్టి వచ్చాడు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే దూదంతా కిందికి జారి ఉంది. పైన వట్టి గుడ్డ, కింద పెద్ద పొట్ట. రోజారమణి పడీపడీ నవ్వింది.

"సార్, గోడలకి నెలలు నిండినాయి! ఆస్పత్రికి తీసకబోండి!"

ఆనందబాబు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నాయన ఆ పొట్టలను ఒక్కొక్కటిగా తాకి చూశాడు. సిగ్గుపడ్డాడు కూడా. "నేను కుట్టినవన్నీ పండుకునేవే నాయనా. నిలబడే పరుపు ఎప్పుడూ కుట్టలా" అన్నాడు. ఆ తప్పు చేయాలంటే జన్మంతా పరుపులు కుట్టి ఉండాలి.

మళ్ళీ అన్నీ విప్పాడు. ఈసారి దగ్గర దగ్గరగా గళ్ళు గళ్ళుగా టాకాలు వేసి, ప్రతి గడిలోనూ దూదిని కూరాడు. జారకుండా నిలిచింది. అయితే కూరి కుట్టినందువల్ల దూది చాలలేదు. దూది అమ్మే కొట్టు గోదాములోకి నీళ్ళు వచ్చాయి. మూడు గోడలు అయ్యాయి. మైకుకు ఎదురుగా, మాట్లాడేవాళ్ళ మొహానికి సూటిగా ఉండే గోడ మిగిలింది. ఆ రోజు బడి తెరుస్తున్నారని నేను కొడవలూరు వెళ్ళిపోయాను. ఆ తరవాతిది ఆనందబాబు చెప్పగా విన్నాను. "ఇంటికి పోయొస్తా" అని నాయన వెళ్ళాడట. మరునాడు మధ్యాహ్నానికి సైకిలు వెనక పట్టాలో చుట్టిన మెత్తను తెచ్చి, ఎవరినీ చెయ్యి వేయనివ్వకుండా తనే ఎత్తి గోడకు బిగించాడట.

"దూది యాడ దొరికింది భాయ్ ఈ వానలో?" అని అడిగితే, "దొరికింది" అన్నాడట.

ఆదివారం ప్రారంభానికి నేనూ వచ్చాను. మేడ కింద షామియానా, నీటి గుంటల మధ్య కుర్చీలు, పెద్ద పెద్ద స్పీకర్లు. ఎవరో రిబ్బను కత్తిరించారు. ముందు వచ్చినవాళ్ళకు కెరటం బొమ్మ అంటించిన చిన్న రేడియోలు పంచారు. నాయనకూ ఒకటి ఇచ్చారు. పైకి రమ్మని ఆనందబాబు పిలిచినా నాయన వెళ్ళలేదు, జనంలోనే నిలబడ్డాడు. స్పీకర్లు గుర్రుమని, ఆ తరవాత రోజారమణి గొంతు వచ్చింది.

"నమస్కారం నెల్లూరూ! నేను మీ మైపాడు పిల్లని, రోజారమణిని. ఇయ్యాల్టి నించి మిమ్మల్ని ఒంటరిగా వదిలేది లేదు. నోరు నొప్పి పుట్టిందాకా మాట్లాడతా. మీకు చెవులు నొప్పి పుడితే నాకు సమ్మంధం లేదు!"

జనం నవ్వారు. నాయన తుండుగుడ్డ తీసి ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని, తల పైకెత్తి ఆ మేడ కిటికీ వైపే చూస్తూ నిలబడ్డాడు. దూది ఏకేటప్పుడు ఎలా ఉండేవాడో అలా.

ఇంటికి వస్తే మంచం ఖాళీ. చెక్కలు కడిగి ఉన్నాయి. చిన్నమ్మ చూసి సంతోషపడింది.

"ఇప్పటికన్నా తీసేసినావు. ఏం జేసినావు బావా?"

"పంపించినా."

"యాడికి?"

"ఒకళ్ళింటికి."

అప్పటి నుంచి నాయన ఎక్కడుంటే రేడియో అక్కడ. కొట్టులో అరలో, ఇంట్లో మంచం మీద. సినిమా పాటంటే ఏమిటో తెలియని మనిషి పొద్దస్తమానం రేడియో పెట్టుకుంటే సెంటరంతా ఆటపట్టించింది. "ఖాదరన్నకి ఈ వయసులో రోజారమణి గొంతు మీద మోజు పుట్టింది. ఫోన్ చేసి పాటన్నా అడగన్నా, నీ పేరు జెప్తది" అని నరసయ్య రోజూ అనేవాడు. నాయన ఒక్కసారీ ఫోన్ చేయలేదు. పైగా పాట మొదలవగానే మోత తగ్గించేసేవాడు. ఆ పిల్ల మాట్లాడగానే హెచ్చించేవాడు. ప్రకటన వస్తే తగ్గించేవాడు. కుట్టు మధ్యలో దబ్బనం వదిలి మరీ లేచేవాడు.

ఒక ఆదివారం ఇంట్లో ఇద్దరమే ఉన్నాము. "అందరూ పాటల కోసం పెట్టుకుంటే నువ్వు పాటొస్తే తగ్గిస్తావేంది నాయనా?" అన్నాను.

జవాబు రాదులే అనుకున్నాను. కానీ చెప్పాడు.

"పాటలు పెట్టెలోంచి వస్తాయంట. ప్రకటనలు గూడా యాడనో చేసి పంపిస్తారంట. ఆ పిల్ల మాట్లాడేది ఒక్కటే ఆ గదిలో కూచోని. ఆ గదిలో ఎదురుగోడకి ఉండేది మీ అమ్మ పరుపే. వేరే దూది ఒక్క పిడికెడు కలపలా. విల్లుతోనే ఏకినా. నాకు మాట్లాడటం రాదు గదా మ్మా. మీ అమ్మ అడిగింది అదొక్కటే. ఆడైతే పొద్దున్నించి రాత్రి దాకా ఎవురో ఒకరు మాట్లాడతానే ఉంటారు. మొహానికి మొహం పెట్టి." గొంతు తగ్గించి అన్నాడు. "మీ చిన్నమ్మకి చెప్పబాక. మళ్ళీ తెచ్చి కాల్చమంటది."

నేను చెప్పలేదు. నాయన పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ రేడియోతోనే ఆయనకు ఏళ్ళు గడిచాయి. నేను కొడవలూరు రమ్మంటే వచ్చేవాడు కాదు. అక్కడ కెరటం సరిగా అందదని సాకు. ఉన్నకొద్దీ ఆయన రోజారమణికి జవాబులు కూడా చెప్పేవాడు. "ఎండలు ఎట్టుండాయి నెల్లూరూ?" అని ఆ పిల్ల అడిగితే, "మండిపోతుండాయి" అని కుట్టుకుంటూ అనేవాడు. "అన్నం తిన్నారా?" అంటే, "ఇంకా లేదు" అనేవాడు. నేను వినడం చూస్తే ఊరుకునేవాడు. ఒకసారి పోయి ఆ గది చూసొద్దామా అని అడిగాను. "పని చేసుకునే వాళ్ళ మధ్యలో మనమెందుకు" అన్నాడు. ప్రారంభం తరవాత ఆయన ఆ మేడవైపు వెళ్ళనేలేదు.

ఆఖరి ఏడాది ఒకటి రెండుసార్లు, "ఆ పిల్ల గొంతు మునుపటిమాదిరిగా లేదు, ముక్కుదిబ్బడేమో పాపం" అన్నాడు. అల్లం టీ తాగమని చెప్పేవాళ్ళు లేరా అన్నాడు. నాకు తేడా తెలియలేదు.

నాయన నలభయ్యో దినం అయ్యాక నేను మినీ బైపాస్‌కు వెళ్ళాను. అడిగి ఆ గదిలో కాసేపు కూర్చుందామని. ఆ మెత్తను ఒక్కసారి చేత్తో ముట్టుకుందామని. మేడ కింద టైల్సు కొట్టు వచ్చింది. పైన కెరటం బోర్డు ఉంది, రంగు వెలిసిపోయి. మెట్లెక్కి చూస్తే తలుపుకు తాళం. ఆదివారం కాదు, పండగా కాదు. టైల్సు కొట్టు కాపలా ఆయన రోజారమణి నంబరు ఇచ్చాడు. ఆ మెట్లమీదే కూర్చుని ఫోన్ చేశాను.

"ఖాదర్ తాత కూతురా! అయ్యో, తాత పోయినాడా? నాకెవురూ చెప్పలేదక్కా" అంది. ఫోన్లో పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

గది చూద్దామని వచ్చానన్నాను.

"ఆడెవురూ లేరక్కా ఇప్పుడు. అంతా విజయవాడ నించే నడుపుతుండారు. ఆనందబాబు సార్ని గూడా ఆడికే మార్చినారు. నేను మైపాడులో మా ఇంట్లోనే కూచోని, సద్దు రాకుండా దుప్పటి ముసుగేసుకోని, ఫోన్లో మాట్లాడి పంపిస్తా. వాళ్ళు పాటల మధ్యలో అతికిస్తారు. ఇనేవాళ్ళకి తెలీదు గదా."

గోడలకున్న మెత్తలు ఏమయ్యాయని అడిగాను.

"అట్నే ఉండాయక్కా. చెన్నై పలకలు రానేలేదు. తాత కుట్టింది ఒక్క టాకా ఊడలా."

తాళం ఎప్పుడు వేశారని అడిగాను. ఎండాకాలం మొదట్లో అంది. ఏ ఎండాకాలం అన్నాను. పోయిన ఏడు కాదు, అంతకు ముందుది అంది. ఆ తరవాత ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదట.